‘గు’ని జిల్లా అనవచ్చా? సొంగ్‌నమ్, బున్‌దాంగ్ పేర్ల మీద చర్చ

ప్రశ్న: దక్షిణ కొరియా రాజధాని సోల్ (సియోల్) పక్కనున్న ఉపగ్రహ నగరాల మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘బున్‌దాంగ్-గు’ని ఇంగ్లీషు పటాల్లో డిస్ట్రిక్ట్ అంటున్నారు. జిల్లా అనేయవచ్చాండీ? కొన్నిచోట్ల ‘బున్‌దాంగ్ సిన్‌దోసి’ అని కూడా ఉంది. రెండూ ఒకటేనా?

జవాబు: జిల్లా వద్దండి. మన జిల్లాలో ఊళ్లుంటాయి, గు మాత్రం ఊరి లోపలి ముక్క. పైగా గులు రెండు రకాలు. సోల్‌లో ఉన్న 25 గులకు ఎన్నికైన అధ్యక్షుడు, సొంత కౌన్సిల్ ఉంటాయి. బున్‌దాంగ్ ఉన్న సొంగ్‌నమ్ లాంటి నగరాల్లో గు అధికారిని మేయరే నియమిస్తాడు, కౌన్సిల్ ఉండదు. జనాభా 5 లక్షలు దాటిన నగరానికే ఇలాంటి గులు పెట్టుకునే వీలుంది. హైదరాబాద్ కార్పొరేషన్‌లో డిప్యూటీ కమిషనర్ కూర్చునే సర్కిల్ దీనికి దగ్గర. నేనైతే ‘బున్‌దాంగ్ గు’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘నగర విభాగం’ అని చెబుతాను.

సిన్‌దోసి అంటే కొత్త పట్టణం. అది ప్రాజెక్టు పేరే తప్ప పాలనా హోదా కాదు. 1980ల చివర సోల్ చుట్టూ ఇలాంటివి ఐదు ప్రకటించారు: బున్‌దాంగ్, ఇల్సాన్, ప్యొంగ్‌చొన్, సాన్‌బొన్, జుంగ్‌దోంగ్. ఒక్కదానికీ సొంత మేయరు లేడు. ఇల్సాన్ గోయాంగ్‌లోది, ప్యొంగ్‌చొన్ ఆన్యాంగ్‌లోది. కాబట్టి ‘బున్‌దాంగ్ నగరపాలక సంస్థ’ అని రాస్తే లేని ఆఫీసును పుట్టించినట్టే.

మరొకరు: బున్‌దాంగ్ సొంగ్‌నమ్‌లో ఎందుకు కలిసిందో వ్యాసంలో ఒక వాక్యం పడాలి. ఇదంతా ఒకప్పుడు గ్యొంగ్గి ప్రావిన్స్‌లోని గ్వాంగ్జు-గున్ (గున్ అంటే గ్రామీణ పాలనా విభాగం). 1960ల చివర సోల్ నగరం తన మురికివాడలను పీకేసి, లక్షకు పైగా జనాన్ని ఇక్కడి కొండవాలుకు తరలించింది. దాని పేరు గ్వాంగ్జు తెదాంజి. దీన్ని ‘భారీ సముదాయం’ అంటే ఏమీ తెలియదు, ‘పునరావాస కాలనీ’ అనండి. కుటుంబానికి 20 ప్యొంగ్‌ల స్థలం. ప్యొంగ్ అంటే సుమారు 3.3 చదరపు మీటర్లు, కనుక 66 చదరపు మీటర్లు. మన లెక్కలో 79 గజాలు. నీళ్లు లేవు, పనులు లేవు. స్థలం చీటీలు చేతులు మారాయి, కొన్నవాళ్లను సొమ్మంతా ఒకేసారి కట్టమన్నారు, పైన పన్ను. 1971 ఆగస్టు 10న జనం తిరగబడ్డారు, సోల్ నగరం దిగివచ్చింది. 1973 జూలై 1న ఆ కాలనీ సొంగ్‌నమ్ నగరమైంది. చుట్టుపక్కల దోల్మా లాంటి ‘మ్యొన్’లూ (గున్ లోపలి పల్లె విభాగాలు) అప్పుడే కలిశాయి. తర్వాత బున్‌దాంగ్ కట్టింది ఆ పొలాల్లోనే. 1991లో గు అయింది. పాత కాలనీ వైపున్న సుజొంగ్, జుంగ్వొన్ గులు అంతకు రెండేళ్ల ముందువి.

అడిగినవారు: 1971 గొడవకూ 1980 గ్వాంగ్జు ప్రజాస్వామ్య ఉద్యమానికీ సంబంధం ఉందా? పేరు ఒకటే కదా.

జవాబు: లేదు. ఎక్కువమంది పడేది ఈ గుంటలోనే. 1980 గ్వాంగ్జు నైరుతిలో, జొల్లా ప్రాంతంలోని మహానగరం. చైనా లిపిలో దాని మొదటి అక్షరానికి ‘వెలుగు’ అని అర్థం, గ్యొంగ్గి గ్వాంగ్జు అక్షరానికి ‘విశాలం’ అని. కొరియా లిపి హాంగుల్‌లో రెండూ ఒకేలా రాస్తారు, తెలుగులోనూ అంతే. అందుకని ప్రతిసారీ ‘గ్యొంగ్గి గ్వాంగ్జు’ అని పూర్తిగా రాయండి.

మరొకరు: గున్‌ని కూడా సరిచూసుకోండి. గున్, సి (నగరం) రెండూ ఒకే మెట్టు, పైన ప్రావిన్స్. 1973లో గున్ నుంచి సొంగ్‌నమ్‌ను కోసి విడదీశారు, మిగిలిన గ్వాంగ్జు గున్‌గానే ఉండిపోయింది. 2001లో అది మొత్తంగా నగరమైంది. అందుకే ‘గ్వాంగ్జు-సి’ లోపల ఇప్పటికీ పల్లెటూరి మ్యొన్‌లు కనిపిస్తాయి. అది అచ్చుతప్పు అనుకుని దిద్దకండి. మ్యొన్‌కి మండలం నప్పుతుంది. గున్‌కి మాత్రం నాకు తాలూకా కంటే గున్ అనే ఉంచడం నయమనిపిస్తుంది.

అడిగినవారు: పేర్ల ఉచ్చారణ?

జవాబు: ఇంగ్లీషు అక్షరాలు చూసి ‘సియోంగ్నం’ అనకండి. అక్కడి ‘ఇఓ’ ఒకే అచ్చు, మన ‘ఒ’కి దగ్గర. సొంగ్‌నమ్ అంటే కోటకు దక్షిణం. ఆ కోట నమ్‌హాన్‌సాన్‌సొంగ్.