ఇంట్లో చేసుకునే బయోడీజిల్‌కు ఏ పాత బండి కొనాలి?

పెద్దలందరికీ నమస్కారం.

మేము నాలుగు నెలల క్రితం గుంటూరు నుంచి డాలస్ దగ్గరి ఫ్రిస్కోకు వచ్చాము. నేను, నా భార్య, ఏడేళ్ల బాబు, మూడేళ్ల పాప ఉంటున్నాము. వేసవిలో అమ్మానాన్నలు కూడా వస్తున్నారు. ఊళ్లో మాకు డీజిల్ ఇన్నోవా ఉండేది. ఆ అలవాటు కొద్దీ ఇక్కడా డీజిల్ బండే తీసుకోవాలని ఉంది. ఆఫీసులో ఒకాయన హోటళ్లలో వాడేసిన నూనెతో ఇంటి దగ్గరే బయోడీజిల్ చేసుకుని పాత కారు నడుపుతున్నారు. అది చూసినప్పటి నుంచి నాకూ ఆ ఆలోచన వదలడం లేదు. 2012 నాటి ఫోక్స్‌వాగన్ జెట్టా టీడీఐ (అంటే డీజిల్ రకం) ఒకటి మంచి ధరకు వస్తోంది. ఏడు సీట్ల ఆడి క్యూ7 డీజిల్ కూడా ఒకటి చూశాను. ఈ రెండింటిలో ఏది నయమో, అసలు ఈ పనికి ఎలాంటి బండి సరిపోతుందో చెప్పగలరు. ప్రస్తుతానికి అపార్ట్‌మెంటులో అద్దెకు ఉన్నాము.

— ఫ్రిస్కో నుంచి

నమస్కారం తమ్ముడూ,

మీరు చూసిన బండ్లు రెండూ ఈ పనికి వద్దు. అవి చెడ్డ బండ్లని కాదు, వాటిలో మామూలు డీజిల్ పోసి నడుపుకునేవారు చాలామంది ఉన్నారు. చిక్కంతా వాటి పొగగొట్టంలోనే ఉంది. 2007లో అమల్లోకి వచ్చిన నియమాల తరువాత అమెరికాలో అమ్మిన డీజిల్ కార్లకు మసిని పట్టి ఉంచే ఫిల్టరు అమర్చారు. అది నిండినప్పుడు మసిని కాల్చివేయడానికి కారులోని కంప్యూటరు, ఇంధనం మండడం అయిపోయాక కూడా సిలిండరులోకి మరికొంత డీజిల్ చిమ్మిస్తుంది. మామూలు డీజిల్ ఆ వేడికి ఆవిరై పొగతో పాటు బయటికి వెళ్లి, ఫిల్టరును వేడెక్కించి మసిని కాలుస్తుంది. బయోడీజిల్‌కు మరిగే ఉష్ణోగ్రత ఎక్కువ కాబట్టి అందులో కొంత భాగం ఆవిరి కాకుండా సిలిండరు గోడల వెంట కిందికి జారి ఇంజనాయిలులో కలిసిపోతుంది. అప్పుడు డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు మట్టం తగ్గవలసింది పోయి పెరుగుతూ ఉంటుంది. పలుచబడిన ఆయిలుతో బేరింగులు ఎంతకాలం నిలుస్తాయో మీరే ఊహించుకోవచ్చు. కంపెనీ ఆ జెట్టాకు 5 శాతానికి మించి బయోడీజిల్ కలపవద్దని చెప్పడానికి ఇది ముఖ్యమైన కారణం. పైగా 2009 తరువాతి ఆ ఇంజన్లలోని అధిక పీడన పంపు చాలా సున్నితమైనది. ఇంధనంలో కాస్త నీరు చేరినా అది అరిగి, లోహపు పొడిని ఇంజెక్టర్ల దాకా పంపుతుంది. ఇంట్లో చేసిన ఇంధనంలో నీటి జాడ అసలు ఉండదని ఏ అనుభవజ్ఞుడూ హామీ ఇవ్వడు.

మీకు వచ్చిన ఆ మంచి ధర వెనక కూడా ఒక కథ ఉండవచ్చు. 2015 సెప్టెంబరులో పొగ పరీక్షల్లో ఫోక్స్‌వాగన్ చేసిన మోసం బయటపడిన తరువాత కంపెనీ వెనక్కి కొన్న బండ్లలో చాలా వాటిని సరిచేసి మళ్లీ అమ్మకానికి పెట్టారు. డీజిల్ మీద నడుపుకునేవారికి అది మంచి బేరమే అయినా మీ అవసరానికి మాత్రం పనికిరాదు. ఆ ఫిల్టరును తీయించేస్తే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. టెక్సస్‌లో డీజిల్ కార్లకు పొగ పరీక్ష లేదన్నది నిజమే కాని, ఫిల్టరు తీసివేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధమే.

ఇక కొనవలసిన బండి విషయం. పన్నెండేళ్లుగా ఈ ఇంధనం వాడుతున్నవాడిగా నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: మసి ఫిల్టరు లేనిది, పాతకాలపు ఇంజెక్షన్ పంపు ఉన్నది, మామూలు డీజిల్ మీదనే నిక్షేపంగా నడుస్తున్నది అయి ఉండాలి. ఈ మూడో షరతునే అందరూ మరచిపోతారు. జబ్బు ఉన్న ఇంజనుకు బయోడీజిల్ మందు కాదు. కొన్న తరువాత మూడు నెలలు బంకు డీజిల్‌తోనే నడిపి, బండి గుణం తెలిసిన తరువాతనే ఇంటి ఇంధనం మాట ఎత్తాలి. లేకపోతే ఏ చప్పుడు ఎందుకు వస్తోందో, తప్పు బండిదో నూనెదో ఎప్పటికీ తేలదు.

ఈ లెక్కన మీ కుటుంబానికి నేను చెప్పేది 1999 నుంచి 2003 వరకు వచ్చిన జెట్టా లేదా గోల్ఫ్ టీడీఐ. దాని 1.9 లీటర్ల ఇంజనును ఇక్కడివారు ఏఎల్‌హెచ్ అంటారు. గాలనుకు 40 మైళ్లకు పైనే ఇస్తుంది, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. మీకు పసివాళ్లు ఉన్నారు కాబట్టి 2003 బండి, అందులోనూ వాగన్ దొరికితే మరీ మంచిది. 2002 సెప్టెంబరు 1 తరువాత తయారైన ప్రతి కారులోనూ పిల్లల సీటు బిగించే లాచ్ కొక్కేలు తప్పనిసరి అయ్యాయి. డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన అతికించిన కాగితం మీద తయారైన నెల ఉంటుంది, చూసుకోండి. గేరు కర్ర ఉన్న బండే తీసుకోండి, ఎందుకంటే ఆ కాలపు ఆటోమేటిక్ గేరుబాక్సులు ఇంజను కంటే ముందే చేతులెత్తేస్తాయి. 2004 నుంచి వచ్చిన జెట్టాలో ఇంజను మారింది, దానికి క్యామ్‌షాఫ్టు (వాల్వులను తెరిచే కడ్డీ) అరిగే జబ్బు ఉంది. 2004, 2005 పసాట్ డీజిల్‌లో ఆయిలు పంపును తిప్పే ఏర్పాటు దెబ్బతిని ఇంజను పాడైన సంఘటనలు చాలా ఉన్నాయి. ఆ మరమ్మతు జరిగినట్టు రసీదు చూపిస్తే తప్ప దాని జోలికి పోకండి.

1980ల నాటి మెర్సిడెస్ 300డీ గురించి మీకు చాలామంది చెబుతారు. దాని అయిదు సిలిండర్ల ఇంజను ఏ నూనె పోసినా అరిగించుకునే మొండిఘటం, అందులో సందేహం లేదు. 300టీడీ వాగన్‌లో వెనక్కి తిరిగి కూర్చునే మూడో వరస కూడా ఉండేది. అయితే నలభై ఏళ్లు దాటిన ఆ బండిలో లాచ్ కొక్కేలు లేవు, ఇప్పటి భద్రతా ఏర్పాట్లూ లేవు. నేనైతే అందులో ఒంటరిగా తిరుగుతాను, పిల్లలను మాత్రం ఎక్కించను. ఏడుగురికి మించి పట్టే బండి కావాలంటే 7.3 లీటర్ల ఇంజను ఉన్న ఫోర్డ్ ఎక్స్‌కర్షన్ ఉంది, 2003 దాకా వచ్చింది. బలమైనదే కాని దాని దాహం తీర్చడానికి మీరు ఉద్యోగం మానుకుని నూనె కాస్తూ కూర్చోవాలి. అమ్మానాన్నలు ఉండే కొద్ది నెలల కోసం అంత బండి కొనేకంటే, దూరప్రయాణాలకు వెళ్లేటప్పుడు మినీవ్యాన్ అద్దెకు తీసుకోవడం తేలిక.

చూడడానికి వెళ్లినప్పుడు ముందు టైమింగ్ బెల్టు రసీదు అడగండి. ఆ ఇంజనులో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి, ఆ తరువాత బండిని తూకానికి అమ్ముకోవడమే. నోటిమాటను నమ్మకండి, బెల్టుతో పాటు వాటర్ పంపు, టెన్షనరు కూడా మార్చినట్టు కాగితం లేకపోతే, ఆ ఖర్చును ధరలోంచి తగ్గించి, కొన్న వెంటనే మార్పించండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించండి. తెల్లపొగ చాలాసేపు వస్తే గ్లో ప్లగ్గులో (చల్లటి ఇంజనును స్టార్టు చేసేటప్పుడు వేడెక్కించేవి) కంప్రెషనో బాగాలేదని, నీలిపొగ వస్తే ఆయిలు మండుతోందని అర్థం. ఆయిలు పోసే మూత తీసినప్పుడు లోపలినుంచి గాలి బుసకొడుతూ ఉంటే మర్యాదగా మూత పెట్టి ఇంటికి వచ్చేయండి.

మరొక్క ప్రశ్న తప్పకుండా అడగండి: ఇంతకు ముందు ఎవరైనా ఈ బండిలో వంటనూనెను నేరుగా పోసి నడిపారా? 1900 పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించిన మాట నిజమే. దాన్ని గుర్తుచేస్తూ రెండో ట్యాంకు బిగించి నూనె పోసేవారు ఇక్కడ ఉన్నారు. నూనె చిక్కదనం వల్ల ఇంజెక్టర్ల మొనల మీద బొగ్గు కడుతుంది, ఇంజనాయిలు జిగురుగా మారుతుంది. డిక్కీలో అదనపు ట్యాంకు ఉన్న గుర్తులు, కోసి అతికిన గొట్టాలు కనిపిస్తే ఆ బండి వదిలేయండి.

కొన్న తరువాత ఇంధనపు గొట్టాలు చూపించుకోవాలి. పాత రబ్బరు బయోడీజిల్‌కు ఉబ్బి మెత్తబడి కారుతుంది; వైటాన్ రకం గొట్టాలు, సీళ్లు అయితే తట్టుకుంటాయి. మొదట 20 శాతం కలిపి మొదలుపెట్టండి. బయోడీజిల్ మంచి ద్రావకం కూడా కావడంతో ఇరవై ఏళ్లుగా ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని కడిగి ఇంధనపు ఫిల్టరులోకి తెస్తుంది. మొదటి రెండు మూడు ట్యాంకుల తరువాత ఫిల్టరు మార్చుకోవాలి, అప్పటిదాకా డిక్కీలో ఒక కొత్త ఫిల్టరు పెట్టుకుని తిరగాలి. నేను ఆ జాగ్రత్త తీసుకోక, హైవే పక్కన మా ఆవిడ చేత నానా మాటలు పడ్డాను.

— ఫోర్ట్‌వర్త్ శివారు నుంచి

బాబూ, అన్నగారు బండి గురించి చెప్పవలసిందంతా చెప్పారు. నేను రసాయనశాస్త్రం చదివినదాన్ని, మా ఇంట్లో అయిదేళ్లు ఈ ఇంధనం చేశాము కాబట్టి తయారీ గురించి చెబుతాను. అపార్ట్‌మెంటులో ఈ పని చేయకూడదు. బాల్కనీలోనూ వద్దు, ఇంటికి కలిసి ఉన్న గరాజులోనూ వద్దు. ఇందులో వాడేది మిథనాల్. మన దగ్గర కల్తీసారా తాగి చూపు పోయిందని, ప్రాణాలు పోయాయని పత్రికల్లో వచ్చే వార్తల వెనక ఉండే విషం అదే. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది, మండినప్పుడు పట్టపగలు దాని మంట కంటికి కనిపించదు. మూడేళ్ల పాప తిరిగే ఇంట్లో దాన్ని, కాస్టిక్ సోడాను నిల్వ ఉంచే మాట తలపెట్టకండి. సోయా వంటి నూనెలతో తడిసిన గుడ్డలను కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయని కూడా గుర్తుంచుకోండి.

పని ఎంత ఉంటుందో లెక్క చూసుకోండి. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే, గాలనుకు 40 మైళ్ల చొప్పున 300 గాలన్లు, అంటే సుమారు 1,135 లీటర్లు కావాలి. 100 లీటర్ల నూనెకు 20 లీటర్ల మిథనాల్ పడుతుంది. కొత్త నూనెకు లీటరుకు 3.5 గ్రాముల కాస్టిక్ సోడా చాలు. వాడిన నూనెలో ఆమ్లం పెరిగి ఉంటుంది కాబట్టి ప్రతిసారీ టైట్రేషన్ (ఆ ఆమ్లం ఎంతుందో కొలిచే పరీక్ష) చేసి ఆ మేరకు ఎక్కువ కలపాలి. టైట్రేషన్‌లో 2 వస్తే, దాన్ని 3.5కు కలిపి లీటరుకు 5.5 గ్రాములు, 100 లీటర్లకు 550 గ్రాములు అవుతుంది. ఇలా ఏడాదికి పదకొండు పన్నెండు సార్లు నూనె తెచ్చి, వడకట్టి, నీరు పోయేలా కాచి, కలిపి, గ్లిజరిన్‌ను వేరుచేసి, కడిగి, ఆరబెట్టాలి. మా మొదటి ప్రయత్నంలో బజ్జీలు వేయించిన నూనెను సరిగా కాచకుండా కలిపాము. ఇంధనానికి బదులు డ్రమ్ము నిండా సబ్బు వచ్చింది. తయారైన ఇంధనంలో 3 మిల్లీలీటర్లు తీసుకుని 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో కలిపితే పూర్తిగా కరిగిపోవాలి. అడుగున నూనె చుక్క మిగిలితే అది బండిలో పోయడానికి పనికిరాదు, మళ్లీ చర్య జరపవలసిందే.

నూనె కూడా అడిగిన చోటల్లా దొరకదు. చాలా హోటళ్లకు నూనె పట్టుకెళ్లే కంపెనీలతో ఒప్పందాలు ఉంటాయి. వెనక పెట్టిన డబ్బాలోది ఆ కంపెనీ సొత్తు, దాన్ని తీసుకుంటే దొంగతనమే. యజమానితో మాట్లాడి, వేరే డబ్బాలో పోయించుకోండి. ఇంట్లో చేసినదైనా రోడ్డు మీద వాడితే గాలనుకు 24.4 సెంట్ల ఫెడరల్ పన్ను వర్తిస్తుంది; రాష్ట్రపు నియమాలు వేరుగా చూసుకోవాలి.

చలి సంగతి అన్నగారు చెప్పలేదు. సోయా నూనెతో చేసినది సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరే మబ్బు పడుతుంది, డాల్డా వంటి గట్టి కొవ్వులతో చేసినది అంతకంటే ఎంతో ముందే పేరుకుంటుంది. మా దగ్గర నవంబరు నుంచి మార్చి దాకా 20 శాతానికి మించి కలిపేవాళ్లం కాదు.

— నేపర్‌విల్, ఇల్లినాయ్ నుంచి

అన్నగారికి, అక్కగారికి కృతజ్ఞతలు. జెట్టా, క్యూ7 రెండింటినీ వదులుకున్నాను. డెంటన్‌లో 2003 జెట్టా వాగన్ ఒకటి, గేరు కర్రదే, కనిపించింది. 1,90,000 మైళ్లు తిరిగింది. బెల్టు మార్పించానని అమ్మే ఆయన అంటున్నారు, రసీదు వెతుకుతున్నారట. ఇల్లు కొనుక్కునే దాకా బంకు డీజిల్ మీదే నడుపుకోవాలని ఇంట్లో నిర్ణయించుకున్నాము. అన్ని మైళ్లు తిరిగిన బండి తీసుకోవచ్చా? డాలస్‌లో చలి గురించి కూడా భయపడాలా?

— ఫ్రిస్కో నుంచి

ఆ ఇంజనుకు అది మరీ పెద్ద వయసు కాదు తమ్ముడూ. మైళ్ల కంటే రసీదులే ముఖ్యం. రసీదు దొరకకపోతే బెల్టు మార్చలేదనే అనుకుని బేరం చేయండి. గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డులో మసి పేరుకుని దారి సగం మూసుకుపోవడం ఈ ఇంజనుకు మామూలే. మెకానిక్కు చేత గొట్టం ఊడదీయించి చూపించుకోండి. అది శుభ్రం చేయించదగ్గ లోపమే కాని, బేరంలో పనికొస్తుంది.

చలి విషయంలో అక్కగారు చెప్పినది అక్షరాలా నిజం. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలకు పడిపోయిన రోజున నా ట్యాంకులో ఉన్నది ఇంటి బయోడీజిలే. పేరిన నెయ్యిలా అయిపోయింది, నాలుగు రోజులు బండి కదలలేదు. అప్పటినుంచి డిసెంబరు వస్తే బంకు డీజిలే ఎక్కువ పోస్తున్నాను. శనివారం ఉదయం మీకు వీలైతే నేనూ డెంటన్ వస్తాను. మేము చేరేదాకా ఇంజను స్టార్టు చేయవద్దని అమ్మే ఆయనకు ముందే చెప్పి పెట్టండి. బానెట్ మీద చెయ్యి పెట్టినప్పుడు వెచ్చగా తగిలితే మరో రోజు వస్తామని చెప్పి వెనక్కి తిరిగి వచ్చేద్దాం.

— ఫోర్ట్‌వర్త్ శివారు నుంచి