టపుల్ వదిలి లిస్టుకు మారాక నిన్నటి ధరలు కూడా మారిపోతున్నాయి

ప్రశ్న

నమస్కారమండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టి నెల రోజులయింది. మా నాన్నగారి కిరాణా కొట్టు కోసం ధరల పట్టిక రాస్తున్నాను. మొదట ప్రతి సరుకునూ దాని ధరతో కలిపి టపుల్‌గా (గుండ్రటి బ్రాకెట్లలో రాసే విలువల వరుస) ఇలా రాశాను:

ఈరోజు_ధరలు = [("కందిపప్పు", 160), ("చక్కెర", 44)]

కందిపప్పు ధర పెరిగిన రోజున ఈరోజు_ధరలు[0][1] = 165 అని రాస్తే టైప్ఎర్రర్ వచ్చింది. టపుల్‌ను మార్చడం కుదరదని తెలుసుకుని, లోపలి గుండ్రటి బ్రాకెట్లన్నిటినీ చదరపు బ్రాకెట్లు చేశాను, అంటే లిస్టులుగా మార్చాను. ఎర్రర్ పోయింది. కానీ ధర మార్చే ముందు నిన్నటి_ధరలు = ఈరోజు_ధరలు అని దాచుకున్న పట్టికలో కూడా 165 కనిపిస్తోంది. [:] పెట్టి కాపీ తీసినా ఫలితం అదే. దాచుకున్న పట్టిక ఎందుకు మారుతోందో దయచేసి చెప్పగలరా?

మొదటి జవాబు

మీ మొదటి ప్రయత్నమే సరైన దారిలో ఉందండి. ఎర్రర్ చూసి దాన్ని వదిలేశారు, చిక్కు అక్కడే మొదలయింది.

పైథాన్‌లో సమానం గుర్తు కాపీ తీయదు, ఉన్న వస్తువుకే ఇంకో పేరు పెడుతుంది. ఒకే పిల్లవాణ్ణి ఇంట్లో బుజ్జి అనీ, బడిలో అసలు పేరుతోనూ పిలిచినట్టే, మీ రెండు పేర్లూ ఒకే లిస్టువి. కాబట్టి ఏ పేరుతో మార్చినా మార్పు రెండింటిలోనూ కనిపిస్తుంది.

ఇక [:] సంగతి. అది బయటి లిస్టును మాత్రమే కొత్తగా తయారుచేస్తుంది. లోపల ఉన్న ["కందిపప్పు", 160] అనే చిన్న లిస్టు మాత్రం పాతదే, దాన్ని రెండు పట్టికలూ పంచుకుంటాయి. మీరు 165 రాసింది ఆ పంచుకున్న చిన్న లిస్టులో కనుక నిన్నటి పట్టిక కూడా మారింది. లోపలి లిస్టులతో సహా అన్నీ కొత్తగా కావాలంటే కాపీ మాడ్యూల్‌లో డీప్‌కాపీ ఉంది. అయితే మీ పనికి అంత దూరం వెళ్ళనవసరం లేదు. లోపల టపుల్స్‌నే ఉంచి ఇలా రాయండి:

నిన్నటి_ధరలు = ఈరోజు_ధరలు[:]
ఈరోజు_ధరలు[0] = ("కందిపప్పు", 165)

ఇక్కడ పాత టపుల్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ఈరోజు పట్టికలో దాని స్థానంలో కొత్త టపుల్ వచ్చి కూర్చుంది. నిన్నటి పట్టిక పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. మార్చడానికి వీల్లేకపోవడాన్ని చాలామంది టపుల్ లోపంగా చూస్తారు కానీ, నిన్నటి లెక్కను కాపాడేది ఆ గుణమే.

రెండవ జవాబు

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ముందుముందు మీకు ఎదురయ్యేవి రెండు విషయాలు చెబుతాను. ఒకే విలువ ఉన్న టపుల్ కావాలంటే (160) సరిపోదు, అది మామూలు అంకె మాత్రమే. (160,) అని కామా తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే అక్కడ టపుల్‌ను చేసేది బ్రాకెట్ కాదు, కామా.

రెండవది, టపుల్ తన లోపల ఏ వస్తువులున్నాయో మార్చనివ్వదు గానీ, ఆ వస్తువు లిస్టయితే అది స్వయంగా మారకుండా ఆపలేదు. సరుకు = ("కందిపప్పు", [160]) అని రాసి, లోపలి లిస్టుకు అపెండ్‌తో 165 చేర్చితే ఏ ఎర్రరూ రాదు. అదే సరుకు[1] += [165] అని రాస్తే టైప్ఎర్రర్ వస్తుంది, అయినా లిస్టులో 165 చేరిపోయే ఉంటుంది. ఇది అనుభవజ్ఞులను కూడా తికమక పెట్టే చోటు, ఒకసారి మీ చేతులతో చేసి చూడండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండి. మొదటి జవాబులో చెప్పినట్టు రాశాను. నిన్న 160, ఈరోజు 165 అని వేర్వేరుగా వచ్చాయి. ఒక్క సందేహం: కందిపప్పు 0వ స్థానంలో ఉందని ప్రతిసారీ గుర్తుపెట్టుకోవాలా? కొట్టులో సరుకులు చాలా ఉన్నాయి, పైగా అరకిలోకు, కిలోకు ధరలు వేరు.

మూడవ జవాబు

అక్కర్లేదండి, పేరుతో వెతకాల్సిన చోట డిక్షనరీ (కీ, అంటే వెతికే పేరు, ఇస్తే దాని విలువ చెప్పే పట్టిక) వాడాలి. అందులో ("కందిపప్పు", "అరకిలో") అనే టపుల్‌నే కీగా పెట్టుకోవచ్చు. అదే జంటను లిస్టుగా రాస్తే పైథాన్ ఒప్పుకోదు, ఎందుకంటే కీ నుంచి లెక్కగట్టిన హ్యాష్ విలువతోనే (గుర్తుగా వాడే ఒక అంకెతోనే) డిక్షనరీ తన సరుకును వెతుక్కుంటుంది, మధ్యలో మారిపోయే లిస్టును ఆ విలువతో మళ్ళీ పట్టుకోవడం కుదరదు. టపుల్ లోపల లిస్టు ఉన్నా ఇదే ఎర్రర్ వస్తుంది కాబట్టి కీలో పేర్లూ అంకెలూ మాత్రమే ఉంచండి. డిక్షనరీకి కూడా సమానం గుర్తుతో కాపీ రాదు. రాత్రి కొట్టు కట్టేసే ముందు కాపీ మెథడ్‌తో నిన్నటి ధరలను విడిగా దాచండి.