ఒకే రీఛార్జి: గుంటూరులో అన్‌లిమిటెడ్, మా ఊళ్ళో 2 జీబీ. ఇది న్యాయమేనా?

మార్కాపురం అమ్మాయి:
సంక్రాంతి సెలవులకి తమ్ముడు ఇంటికొచ్చాడు. గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడికీ నాకూ ఒకే కంపెనీ సిమ్, ఒకే ప్లాన్, రోజుకి 2 జీబీ. రెండిటికీ నేనే రీఛార్జి వేస్తాను. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ డేటా అయిపోవడమంటే ఏంటో వాడికి తెలీదు. అక్కడ 5జీ ఉంది కాబట్టి ఎంత వాడినా లెక్కలోకి రాదు. ఇక్కడికొచ్చిన రెండో రోజు మధ్యాహ్నం మూడింటికి, క్లాసు వీడియో చూస్తుంటే ఆగిపోయింది. "అక్కా, నెట్ పోయింది" అన్నాడు. నెట్ పోలేదు. 2 జీబీ అయిపోయి వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోయింది. నాకిది రోజూ ఉండేదే.

కంపెనీ పేరు రాయను, ఒక్క కంపెనీ సంగతి కాదు కాబట్టి. దేశంలో 5జీ మొదలైంది 2022 అక్టోబరు 1న. అదే డిసెంబరు 26న జియో గుంటూరు, విజయవాడ, విశాఖ, తిరుమలల్లో ఒకేసారి ఇచ్చింది. 2024 జులైలో రేట్లు పెంచినప్పుడు జియో, ఎయిర్‌టెల్ రెండూ అన్‌లిమిటెడ్ 5జీని రోజుకి 2 జీబీ, ఆపైన ఉన్న ప్లాన్లకే పరిమితం చేశాయి. పెరిగిన రేటు మాకూ పెరిగింది. అన్‌లిమిటెడ్ మాత్రం మా దాకా రాలేదు. 5జీ మెల్లగా వస్తే రానీండి, తప్పులేదు. అది వచ్చేదాకా మేమూ అంతే ఎందుకు కట్టాలి?

మూసీ ఒడ్డు:
మీ బాధ అర్థమైంది అక్కా, కానీ నేను ఒప్పుకోను. 2022 వేలంలో కంపెనీలు స్పెక్ట్రమ్ (సిగ్నల్ పంపే తరంగాల మీద హక్కు) కోసం లక్షా యాభై వేల కోట్లకు పైగా ఒప్పుకున్నాయి. టవర్లు, వాటి మీద సిగ్నల్ పంపే రేడియోలు, ఫైబర్ దాని మీద అదనం. జనం ఎక్కువున్న చోట మొదలుపెట్టకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. అది రాకపోతే మీ ఊరికి వచ్చే పరికరం కూడా రాదు. పైగా ఊరికో రేటు పెట్టడం ఎలా కుదురుతుంది? సిమ్ మనిషి జేబులో తిరుగుతుంది. మీ తమ్ముడు పది నెలలు గుంటూరులో, రెండు నెలలు ఊళ్ళో. వాడికి ఏ రేటు వేస్తారు?

టవర్ పని:
చెల్లెమ్మా, పదకొండేళ్ళుగా టవర్ల మీదే నా పని. అసలు సంగతి చెప్తాను, ఆ తర్వాత పోట్లాడుకుందాం.

5జీకి మన దేశంలో ముఖ్యంగా వాడేది 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్, అంటే ఆ తరంగాల వరస. పెద్ద కంపెనీలకి మన సర్కిల్లో (టెలికాం లెక్కల్లో మన ప్రాంతం) ఇందులో 100 మెగాహెర్ట్జ్ దాకా ఉంది. 4జీలో ఒక క్యారియర్ (డేటా పోయే దారి) వెడల్పు మహా అయితే 20. నాలుగు వరసల హైవేకీ పొలం మధ్య డొంకదారికీ ఉన్నంత తేడా. నగరాల్లో ఆ హైవే ఇంకా ఖాళీగా ఉంది కాబట్టి లెక్క లేకుండా ఇస్తున్నారు. ఊరి 4జీ టవరు అలా కాదు. రాత్రి ఏడు నుంచి పది దాకా నిండిపోయి ఉంటుంది. దాని మీద అన్‌లిమిటెడ్ వదిలితే నీ వీడియోతో పాటు కిరాణా కొట్టు దగ్గర నిలబడ్డవాడి యూపీఐ కూడా ఆగిపోతుంది.

ఇంకోటి. 3300 తరంగాలు దూరం పోవు, గోడ దాటాలన్నా కష్టమే. మూడు ఊళ్ళకి ఒకే టవరున్న చోట, దాని మీద 5జీ రేడియో పెట్టినా చివరి వీధికి అందదు. 700 మెగాహెర్ట్జ్ అయితే దూరం పోతుంది, ఇంట్లోకీ వస్తుంది. 2022 వేలంలో దాన్ని కొన్నది జియో ఒక్కటే, అదీ 10 మెగాహెర్ట్జే. దూరం పోతుంది గానీ దారి సన్నం.

ఫోన్లో 5జీ గుర్తు చూసి మోసపోవద్దు. ఎయిర్‌టెల్ మొదలుపెట్టిన ఎన్‌ఎస్‌ఏ పద్ధతిలో 5జీ ఒంటరిగా నడవదు, 4జీని పట్టుకుని నడుస్తుంది. ఆ 4జీ టవరు సిగ్నల్ తగిలితే చాలు, చాలా ఫోన్లు 5జీ అని చూపించేస్తాయి. డేటా మాత్రం 4జీ మీదే పోతుండొచ్చు.

అరకు టీచర్:
మీరంతా 5జీ గురించి మాట్లాడుతున్నారు. మా బడి దగ్గర 4జీయే నిలకడగా లేదు. పొద్దున హాజరు యాప్‌లో ఫొటో అప్‌లోడ్ అవ్వాలంటే బడి వెనక కాఫీ తోటలోకి, సిల్వర్ ఓక్ చెట్లున్న మలుపు దాకా నడవాలి. వానాకాలంలో గొడుగు కింద ఫోన్ పట్టుకుని, పైకి ఎత్తి, ఆ అప్‌లోడ్ గీత నిండేదాకా నిలబడతాను. అది పూర్తయ్యేసరికి పిల్లలు ప్రార్థన ముగించి లోపలికి వెళ్ళిపోతారు.

సిగ్నల్ అందని 24,680 ఊళ్ళకి 4జీ ఇవ్వడానికి కేంద్రం 2022 జులైలో 26,316 కోట్లు మంజూరు చేసింది. బీఎస్‌ఎన్‌ఎల్ సొంత 4జీ పరికరాలు, టీసీఎస్, తేజస్, సీ-డాట్ కలిసి చేసినవి, 2025 సెప్టెంబరు 27న దేశానికి అంకితమయ్యాయి. నాకు అది గర్వంగానే ఉంది. కానీ ఒకే నగరంలో ఒకే వీధికి మూడో పొర, నాలుగో పొర వేస్తుంటే మా కొండకి మొదటి పొర ఎందుకు ఇంత ఆలస్యమవ్వాలి? మార్కాపురం చెల్లీ, నీ వాదనలో నాకు నచ్చనిది ఇదే. రేటు తగ్గిస్తే నాకేం ఉపయోగం? రేటు తగ్గించి సిగ్నల్ ఇవ్వకపోతే కంపెనీకి అదే చవక. నాకు తగ్గింపు వద్దు, సిగ్నల్ గీతలు కావాలి.

పద్దుల పుస్తకం:
టీచర్ గారి మాటకి ఒక చిన్న సవరణ. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 సేవా నాణ్యతా నిబంధనల్లో ఒక విషయం ఉంది. ఒక జిల్లాలో సేవలు 24 గంటలకు మించి ఆగిపోతే, పోస్ట్‌పెయిడ్ వాళ్ళకి అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వాళ్ళకి వ్యాలిడిటీ పొడిగింపు ఇవ్వాలి. అంటే ఇవ్వని సేవకి డబ్బు పుచ్చుకోకూడదని చట్టం ఒప్పుకున్నట్టే కదా! ఉన్నది ఒక రోజు పోతే పరిహారం ఉంది. అసలు రానిదానికి మాత్రం లేదు. మార్కాపురం వాదనలో బలం ఇక్కడుంది.

ఇంకో మాట. రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్ళయినా టెలికాం లెక్కల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి ఇంకా ఒకటే ఆంధ్రప్రదేశ్ సర్కిల్. హైదరాబాదు, అరకు ఒకే పద్దులో ఉంటాయి. సర్కిల్ సగటు చూసినవాడికి అంతా బాగానే కనిపిస్తుంది.

మూసీ ఒడ్డు:
ఆ 24 గంటల రూలు బ్రేక్‌డౌన్‌కి. కొత్త టెక్నాలజీ ఇంకా రాకపోవడం బ్రేక్‌డౌన్ కాదు సార్, రెండూ ఒకటి చేయొద్దు. కానీ టవర్ పని అన్న చెప్పింది విన్నాక ఒకటి తోచింది. ఇబ్బంది రాత్రి ఏడు నుంచి పది దాకానే అయితే, మిగతా టైములో 4జీకి కూడా లెక్క ఎత్తేయొచ్చు కదా? వొడాఫోన్ ఐడియా కొన్ని ప్లాన్లలో అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరు దాకా లెక్క లేకుండా ఇచ్చింది. మిగిలిన డేటా వారాంతానికి దాచుకోనిచ్చింది. కుదరదనడానికి లేదు.

టవర్ పని:
కుదురుతుంది. రాత్రి ఒంటిగంటకి ఊరి టవరు దాదాపు ఖాళీ. అందులో టెక్నికల్‌గా అడ్డమేమీ లేదు.

మార్కాపురం అమ్మాయి:
అందరికీ థాంక్స్. టీచర్ గారూ, మీరన్నది నన్ను ఆపేసింది, తగ్గింపు అడగడం వల్ల మీ కొండకి ఒరిగేదేమీ లేదు. ఊరికో రేటు కూడా వదిలేస్తున్నాను, తమ్ముడి సిమ్ సంగతి నిజమే. అయినా ఒక్క దగ్గర వెనక్కి తగ్గను. ఒకే డబ్బు కట్టినప్పుడు 5జీ లేని చోట అర్ధరాత్రి దాటాక 4జీకి లెక్క ఉండకూడదు, మిగిలిన డేటా మాయం కాకూడదు. తమ్ముడు ఎలాగూ పన్నెండు దాటాకే చదువుతాడు.

2జీ, 3జీ, 4జీ, 5జీ విడివిడిగా కవరేజీ మ్యాపులు వెబ్‌సైట్లో పెట్టాలని ట్రాయ్ చెప్పింది కదా. ఇందాక మా కంపెనీ మ్యాపు తెరిచాను. మా ఊరి మీద 5జీ రంగు వేసి ఉంది. రామాలయం ముందు, బస్టాపు దగ్గర, మా డాబా మీద, మూడు చోట్లా చూశాను. ఎక్కడా లేదు.

టవర్ పని:
డాబా మీద నిలబడి ఫోన్లో సెల్ ఐడీ (ఫోన్ పట్టుకున్న సిగ్నల్ నంబరు) స్క్రీన్‌షాట్ తీసి పెట్టు, టైముతో సహా. నువ్వు ఏ బ్యాండు మీద ఉన్నావో చూసి చెప్తాను. మ్యాపు తప్పని తేలితే ఫిర్యాదు ఎలా రాయాలో కూడా చెప్తాను.

అరకు టీచర్:
నాది కూడా పెడతాను. మలుపు దగ్గరికి వెళ్ళాక.