ఉలాన్ అధికారి భుజపట్టీల వెండి నల్లబడుతోంది: అసలువేనా, ఎలా దాచాలి?

లంకగట్టు: అమలాపురం దగ్గర లంక ఊరు మాది. 1918కి ముందటి జర్మన్ ఉలాన్ (ఈటెలు పట్టే గుర్రపుదళం) అధికారి భుజపట్టీల జత ఉంది. పక్కపక్కన కుట్టిన వెండి తాళ్లు, వాటిలో నల్ల దారం, ఒక్కోదానికి బంగారు పూత నక్షత్రాలు రెండు, అడుగున ఉన్ని గుడ్డ. వానలు మొదలయ్యాక వెండి నల్లబడుతోంది. ఉన్నికి రెండు చిల్లులు పడ్డాయి. నకిలీవా? చింతపండుతో తోమొచ్చా?

జరీఅంచు: తోమొద్దండీ. అది మన ఉప్పాడ చీరల పాత జరీ లాంటిదే, దారం మీద చుట్టిన సన్నటి తీగ. చాలావాటిలో అది రాగి మీద వెండి పూత. చింతపండు, టూత్‌పేస్టు, మెరుగుపెట్టే ద్రావణం, ఏది వాడినా పూత లేచి ఎర్రటి రాగి బయటపడుతుంది. ఇక దానికి మందు లేదు.

నల్లబడటం మంచి గుర్తే. రెండో ప్రపంచయుద్ధ కాలపు పట్టీల్లో ఎక్కువగా ఉండే అల్యూమినియం తీగ ఇలా నల్లబడదు, మసక బూడిదరంగుకు తిరుగుతుంది. కాకపోతే గంధకం మందుతో కావాలని నలుపు ఎక్కించేవాళ్లున్నారు. తాళ్ల సందుల్లో భూతద్దంతో చూడండి: గాలి తగలనిచోట తెలుపు మిగిలితే సహజం, అడుగుదాకా ఒకే నలుపైతే అనుమానించాలి.

పాతబొత్తం: వెండిలో నల్ల దారం అప్పటి జర్మనీలోని ప్రష్యా రాజ్యానిది. అలాంటి రాజ్యాలే అయిన బవేరియాకు నీలం, సాక్సనీకి ఆకుపచ్చ. నక్షత్రం లేకపోతే లెఫ్టినెంట్, ఒకటుంటే ఒబర్‌లెఫ్టినెంట్, రెండుంటే రిట్‌మైస్టర్, అంటే అశ్వికదళ కెప్టెన్. అసలు మోసం ఇక్కడే: లెఫ్టినెంట్ పట్టీకి నక్షత్రాలు తగిలించి ధర పెంచుతారు. నక్షత్రాన్ని పీకొద్దు, పక్కనుంచి టార్చి వేసి దాని అంచు కిందకు చూడండి. ఏళ్ల తరబడి అక్కడే ఉంటే కింది తాడు మెరుగ్గా ఉంటుంది. చుట్టూ ఉన్నంత నలుపే కిందా ఉంటే నక్షత్రం కొత్తగా వచ్చింది.

తర్వాత చీకటిగదిలో అతినీలలోహిత టార్చి. కుట్టుదారం నీలితెలుపుగా వెలిగితే అది ఇటీవలి దారం కావచ్చు. డిటర్జెంటుతో ఉతికినా అలాగే వెలుగుతుంది కాబట్టి దీనొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

జరీఅంచు: చిల్లులు ఉన్ని తినే పురుగువి. రెండు జిప్ కవర్లలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటకు తీశాక 24 గంటలదాకా కవర్ విప్పొద్దు, విప్పితే చల్లటి పట్టీ మీద నీరు పడుతుంది. కలరా ఉండలు వద్దు, వాటి ఆవిరి మనకూ మంచిది కాదు. మేడమీద ఎండలో పెడితే ఉన్ని రంగు పోతుంది. రబ్బరు బ్యాండు అసలే వద్దు, దాని గంధకం వెండిని నల్లబరుస్తుంది. ఉన్నిలోనూ గంధకం ఉంది, అందుకే ఎంత జాగ్రత్తపడ్డా నలుపు పూర్తిగా ఆగదు. దాన్ని వదిలేయండి.

ఉతికిన, గంజి లేని నూలుగుడ్డలో ఒక్కోటి మడవకుండా చుట్టి, మూత గట్టిగా పట్టే 5 లీటర్ల డబ్బాలో, తేమ చూపే చిన్న మీటరుతోపాటు పెట్టండి. తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు కొద్దిగా వేయండి.

లంకగట్టు: బీరువాలో తేమ మీటరు 76 శాతం చూపిస్తోంది.

జరీఅంచు: 65 శాతం దాటితే బూజు మొదలు. డబ్బాలో 45 నుంచి 55 మధ్య ఉండాలి. నారింజ రంగు జెల్ ఆకుపచ్చకు తిరిగితే ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి, చల్లారాక తిరిగి వేయండి. బీరువా వాన కొట్టే గోడకు ఆనుకుని ఉంటే ముందు దాన్ని జరపండి.