పర్లాకిమిడిలో పాత మిక్సీ: ఆర్మేచర్ (మోటార్‌లో తిరిగే తీగచుట్ల భాగం) చుట్టించాలా, తూకానికి వేసేయాలా?

అటక మీదున్న 500 వాట్ల మిక్సీ. కార్బన్ బ్రష్‌లు రెండూ కొత్తవి. కమ్యుటేటర్‌ని (ఆర్మేచర్ మీద బ్రష్‌లు ఆనే రాగి రేకుల చుట్టు) జీరో నంబర్ గరుకు కాగితంతో రుద్ది, రేకుల మధ్య మసి గీకేశాం. అయినా జార్ పెట్టకుండానే చుట్టూ నిప్పురవ్వలు, కాలిన వాసన. కాసేపటికే ఓవర్‌లోడ్ స్విచ్ పడిపోతోంది. పక్కపక్క రేకుల మధ్య మీటరు పెడితే ఒక్క జతలోనే ఓమ్స్ బాగా తక్కువ, అంటే ఆ చుట్టు షార్టనే అనుమానం. ఫీల్డ్ కాయిల్స్ (ఆర్మేచర్‌కి అటూ ఇటూ కదలకుండా ఉండే తీగచుట్లు) రెండింటి ఓమ్స్ సమానంగానే ఉన్నాయి.

చుట్టిస్తే నిలుస్తుందా? కొత్త ఆర్మేచరే వేస్తే షాఫ్టు పొడవు, రేకుల సంఖ్య కాక ఇంకేం సరిచూడాలి? పాత సైజులు బరంపురంలో గానీ పాతపట్నంలో గానీ దొరుకుతాయా?

ఇంకొకటి. పాత సీలింగ్ ఫ్యానుకి 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ మార్చినా చేత్తో తోస్తేనే తిరుగుతోంది, బేరింగులు మాత్రం ఫ్రీ. స్టార్టింగ్ వైండింగ్ (ఫ్యాను మొదట కదలడానికి ఉండే తీగచుట్టు) తెగినట్టేనా?