ఏటేటా ఫ్లూ టీకా: బాపుకు వేయించాలా, వద్దా?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
మా బాపుకు 68 ఏళ్లు. షుగర్ ఉంది, చల్లగాలి తగిలితే ఆయాసం. పోయిన వానాకాలం జ్వరం వచ్చిన మూడో రోజుకే ఊపిరి అందలేదు. రాత్రికి రాత్రి గోదావరి వంతెన దాటించి వరంగల్ తీసుకెళ్లాం. పదకొండు రోజులు దవాఖానాలోనే. పరీక్షలో ఫ్లూ అని తేలింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, ఇక ఏటా వానలకు ముందే ఫ్లూ టీకా వేయించమన్నారు. తమ్ముడు దండగ అంటున్నాడు. మీరేమంటారు?

అంకీసా పత్తి రైతు:
మీ తమ్ముడిదే కరెక్ట్ అన్నా. చిన్నప్పటి టీకాలు మళ్లీ ఎప్పుడైనా వేయించుకున్నామా? మా అత్తమ్మకు 1800 పెట్టి ఫ్లూ టీకా వేయిస్తే నెల తిరగకముందే జలుబు, దగ్గు. ఏడాదికే పాతబడే మందును ఎట్లా నమ్మాలి? కంపెనీలకు అది ఏటా చేతికొచ్చే పంట.

అహేరి సారు (రిటైర్డ్ జువాలజీ లెక్చరర్):
తమ్ముడూ, మారేది ముందుగా వైరస్. దాని పైన ముళ్లలాంటి ప్రొటీన్లు ఉంటాయి, మన ఒళ్లు గుర్తుపట్టేది వాటినే. ఫ్లూ వైరస్ తన జన్యువును నకలు రాసుకునేటప్పుడు తప్పులు పడతాయి, దిద్దుకునే ఏర్పాటు దానికి లేదు. ఆ తప్పులతో ముళ్ల రూపు కొంచెం కొంచెంగా మారిపోతుంది. తట్టు వైరస్ ముళ్లు అట్లా మారితే అది మన కణంలోకి దూరలేదు. అందుకే ఆ టీకా జీవితాంతం కాస్తుంది. దానిపైన, ఫ్లూ టీకా ఇచ్చే బలం నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది కూడా.

1933లో లండన్‌లో విల్సన్ స్మిత్, ఆండ్రూస్, లైడ్‌లా మనిషి ఫ్లూ వైరస్‌ను మొదటిసారి పట్టుకున్నారు. రోగి గొంతు పుక్కిలించిన నీళ్లను ఫెర్రెట్ అనే ముంగిసలాంటి జంతువు ముక్కులో వేశారు, దానికీ జబ్బు వచ్చింది. తర్వాత ఒక ఫెర్రెట్ పరిశోధకుడి ముఖం మీద తుమ్మితే ఆయనా ఫ్లూతో పడ్డాడు. కొత్త వైరస్ పాతదానికి ఎంత దూరం జరిగిందో ఇప్పటికీ ఫెర్రెట్ రక్తంలోని సీరంతోనే (రక్తం గడ్డకట్టాక మిగిలే నీరులాంటి భాగం) చూస్తారు. ఆ లెక్కలు ముందు పెట్టుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి టీకాలో ఏ రకాలుండాలో చెబుతుంది. ఆపైన ఎక్కువగా కోడిగుడ్లలో పెంచి టీకా తయారు చేసేసరికి ఆరు నెలలు. ఈలోపు వైరస్ మళ్లీ మారితే గురి తప్పుతుంది, అది నిజమే. గురి కుదిరిన ఏడాది ఫ్లూతో డాక్టరు దగ్గరికి పోయే ముప్పు 40 నుంచి 60 శాతం తగ్గుతుంది. మీ అత్తమ్మది మామూలు జలుబే అయి ఉంటే అది వేరే వైరస్‌ల పని, ఫ్లూ టీకా దాన్ని ఆపదు.

ఆశా అక్క (అసరల్లి వైపు):
సారూ, మీరు చెప్పింది కాదనను. కానీ ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. వానల్లో మా దగ్గర కరెంటు పోతే రెండు రోజులకు గానీ రాదు. పైగా ఇది మనం ఊళ్లో పిల్లలకు వేసే సర్కారు టీకాల్లో లేదు. కూలికి పోయేవాళ్లు ఏటా అంత డబ్బు ఎక్కడ తెస్తారు? మన గడ్చిరోలి జిల్లాలోనే డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ ఊరి మనుషులకే పిల్లల నిమోనియాను గుర్తుపట్టడం నేర్పారు. చదువు రాని మంత్రసానుల కోసం నిమిషం ఇసుక గడియారం, పక్కన పూసలు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఊపిరి వేగంగా ఉంటే ఇంటి దగ్గరే మందు. నిమోనియా చావులు దాదాపు సగానికి తగ్గాయని 1990లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ముందు అది ప్రతి ఊరికీ రావాలి.

అహేరి సారు:
అమ్మా, ఊరంతటికీ ఏది ముందంటే నేనూ మీ వైపే. కానీ ఈ అన్న అడుగుతున్నది ఒకసారి ఊపిరి అందక పోయొచ్చిన తండ్రి గురించి. అట్లాంటివాళ్లకు వేయించాల్సిందే. ఒక్క మాట, ఎప్పుడు వేయించామన్నది చాలా ముఖ్యం. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్‌ఐవీ) వాళ్ల పరిశీలనలో మన వైపు ఫ్లూ జోరు జులై నుంచి సెప్టెంబరు దాకా. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో, కొత్త రకాల టీకాయే అడగండి. బలం రావడానికి రెండు వారాలు పడుతుంది.

అంకీసా పత్తి రైతు:
అత్తమ్మకు వేయించింది దసరా తర్వాత. ఈ సంగతి అప్పుడు ఎవరూ చెప్పలేదు సారూ. అయినా ప్రతి ఏడాదీ అంటే నాకు బరువే.

ప్రాణహిత ఒడ్డు:
ఈరోజు వంతెన అవతల మెడికల్ షాపులో అడిగాను. డబ్బా తిప్పి చూస్తే పోయినేటి రకం, వద్దని వచ్చేశాను. కొత్తది మే మొదటి వారంలో వస్తుందట. షాపులో కాకుండా అక్కడి క్లినిక్‌లోనే వేయిస్తాను, ఐస్ డబ్బాలో ఇక్కడిదాకా తెచ్చే టెన్షన్ ఉండదు. తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు. బాపు మాత్రం, ఎప్పుడు పోదాం బిడ్డా అని రెండుసార్లు అడిగాడు.