తాతయ్య సంవత్సరీకం నాడు చుట్ట కాల్చడం తప్పా?

లంకవాసి:
మా తాతయ్య పోయి ఏడాది అయింది. గోదావరి లంకలో పొగాకు పండించి, ఆ ఆకుతోనే చుట్టలు చుట్టుకొని, రోజూ సాయంత్రం ఏటిగట్టు మీద కూర్చుని ఒకటి కాల్చేవారు. వరద తీశాక మిగిలే ఒండ్రుమట్టి వల్లనే లంక ఆకుకు ఆ ఘాటు వస్తుందని చెప్పేవారు. చుట్ట కొన పంటితో కొరికి, పెదవులతో తడిపి, గాలికి ఆరిపోకుండా అగ్గిపుల్లను రెండు అరచేతుల మధ్య దాచి అంటించేవారు. సగం కాలాక ఆర్పి చూరులో దోపి, మరునాడు మళ్లీ తీసేవారు. మొన్న సంవత్సరీకం ముగిశాక, ఆయన రేకు డబ్బాలో మిగిలిన ఐదింటిలో ఒకటి తీసుకొని, అదే గట్టు మీద, అదే వేళకు కూర్చుని కాల్చాను. నాకు పొగ అలవాటు లేదు. ఫొటోకు దండ వేసినప్పుడు కలగని దగ్గరితనం ఆ వాసనతో కలిగింది. మా అక్కయ్య మాత్రం, పోయిన మనిషి పేరు చెప్పి విషం తాగుతావా అని నిలదీసి, అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. సభ్యులు తమ అభిప్రాయం చెప్పగలరు.

సిక్కోలు ఆడపడుచు:
లంకవాసి గారూ, నేను మీ అక్కగారి పక్షాన్నే ఉంటాను. మా శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చాలామంది ఆడవాళ్లు అడ్డపొగ తాగేవారు. అంటే నిప్పు ఉన్న కొనను నోటి లోపలికి పెట్టుకొని కాల్చేవారు. మా అమ్మమ్మదీ ఆ అలవాటే. మొదట అంగిలి తెల్లబారింది, తరువాత పుండు పడింది, చివరకు అది క్యాన్సరని తేలింది. అంగిలికి చిల్లి పడ్డాక, నేను చెంచాతో పోసిన గంజి ఆమె ముక్కులోంచి వచ్చేది. ఆ ముసలి ప్రాణం సిగ్గుతో కొంగు అడ్డం పెట్టుకునేది. ఆమెకు ఇష్టమైనది కదా అని నేను ఆమె తద్దినం నాడు చుట్ట వెలిగించగలనా? మీ తాతగారికి ఏమీ కాకపోవడం అదృష్టమే గాని, చుట్ట మంచిదనడానికి సాక్ష్యం కాదు. పొగను గుండెల్లోకి పీల్చకపోతే ప్రమాదం లేదని కొందరు అంటారు. కానీ చుట్ట పొగకు క్షారగుణం ఉండటం వల్ల, నోట్లో నిలిపినంత మాత్రానే లోపలి పొర గుండా నికోటిన్ రక్తంలోకి చేరిపోతుంది. మీ ఇంట్లో పిల్లలుంటే, వాళ్లు చూసి నేర్చుకునేది మీ భక్తిని కాదు, మీ చేతిలోని చుట్టను.

కొత్తధాన్యం:
సంక్రాంతికి పెద్దలకు పెట్టుకునేటప్పుడు మా ఇంట్లో కొత్త బట్టలు, వారికి ఇష్టమైన వంటకాలతో పాటు ఒక చుట్ట కూడా విస్తరి పక్కన పెడతాము. దాన్ని ఎవరూ వెలిగించరు. పెట్టడం మన వంతు, స్వీకరించడం వారి వంతు.

లంకవాసి:
ఆడపడుచు గారూ, మీ అమ్మమ్మగారి సంగతి చదివాక వెంటనే బదులు రాయలేకపోయాను. చుట్ట ఆరోగ్యానికి మంచిదని నేను అనను. కానీ దాన్ని విషం అనే ఒక్కమాటతో తీసిపారేయడం కూడా నాకు కష్టంగానే ఉంది. రాజమండ్రిలో 1947లోనే కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను నెలకొల్పారంటే, ఈ పంట మీద మా వైపు ఎన్ని కుటుంబాలు బతికాయో తెలుస్తుంది. మా నాన్నగారి చదువు, నన్ను నిలదీసిన అక్కయ్య పెళ్లి కూడా ఆ ఆకు డబ్బుతోనే జరిగాయి. తాతయ్య చేతుల్లో ఆ వాసన వట్టి వ్యసనం వాసన కాదు, కష్టం వాసన కూడా. ఏడాదికి ఒక్కసారి, పిల్లల కంటపడకుండా కాల్చితే దోషం లేదనే ఇప్పటికీ నా మనసు చెబుతోంది.

అయితే నిన్న డబ్బా తెరిచి చూస్తే, మిగిలిన నాలుగింటిలో రెండు ఎండి, పట్టుకోగానే పొడిపొడిగా రాలిపోయాయి. ఆయన చుట్టినవి అయిపోయాక, అంగట్లో కొన్న చుట్టను ఆయన పేరున వెలిగించడానికి మాత్రం నాకు మనసు రావడం లేదు. మిగిలిన రెండింటిలో ఒకటి వచ్చే సంక్రాంతికి కొత్తధాన్యం గారు చెప్పినట్టు విస్తరి పక్కన పెడతాను. రెండోదాని మాట అక్కయ్యతో మాట్లాడాకే.